ఆదివారం అరవని తీతువు

మల్కాపురంలో మేముండే ఇళ్ల వరుస వెనక, గెడ్డ అనే చిన్న వాగు దాకా, కంకర పోసి చదును చేసిన ఖాళీ నేల ఉండేది. అక్కడ ఏదో కడతారని అందరూ అనేవారు. ఎవరూ ఏమీ కట్టలేదు. వేసవి మధ్యాహ్నం అటు చూస్తే కళ్లు మండేవి. చమురు కర్మాగారం గొట్టం మీది మంట పట్టపగలు కూడా వణుకుతూ కనిపించేది. అంత బోడి నేలను చూసి మురిసి ఒక తీతువుల జంట అక్కడ గుడ్లు పెట్టింది.

డెబ్బై ఎనిమిది మే నెల మొదట్లో నేను వాటిని కనిపెట్టాను. కనిపెట్టానంటే గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. కాలు వెయ్యబోయి, ఎందుకో కిందికి చూసి, ఆ కాలు అలాగే గాలిలో ఆపేశాను. గూడంటూ ఏమీ లేదు. కంకరలో అరచేయంత గుంట, అంచున నాలుగు గులకరాళ్లు, మధ్యలో రాళ్ల రంగులోనే నాలుగు మచ్చల గుడ్లు. తలెత్తితే కాస్త దూరంలో తల్లో తండ్రో తెలియని ఒక పక్షి, పసుపు కాళ్ల మీద నిక్కి నిలబడి, నన్ను చూసి గొంతు చించుకుంటోంది. దాని కంటి ముందు ఎర్రటి కండ పొద్దుటి వెలుగులో తడిసిన దానిమ్మ గింజలా ఉంది.

నేను ఓడరేవు సర్వే విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పడవలవాళ్లు కొలిచి తెచ్చిన సముద్రం లోతులను పటాల మీద ఎక్కించడం నా పని. నా భార్య దీవెనమ్మ పోయి అప్పటికి రెండేళ్లు దాటింది. మాకు పిల్లలు లేరు. ఆమె ఉన్నప్పుడు తెల్లవారగానే ఇద్దరం పెరటి మెట్టు మీద కూర్చుని టీ తాగేవాళ్లం. ఆమె పోయాక ఆ వేళను ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఒక రష్యన్ నావికుడు అమ్మేసి పోయిన జెనిత్ కెమెరా, పొడుగాటి లెన్సు ఇంట్లో ఉన్నాయి. అవి పట్టుకుని బయటికి పోవడం మొదలుపెట్టాను. మొదట్లో పక్షుల కోసం కాదు, ఇంట్లో ఉండలేక.

నేను ఫ్లాష్ వాడను. ఆ బల్బు వెలుగులో ఏ పక్షయినా పోలీసులు పట్టుకున్న మనిషిలా కనిపిస్తుంది. ఎండో నీడో, పక్షి తన ఒంటి మీద పడే వెలుతురులో తన పని తాను చేసుకుంటుంది. ఆ వెలుతురు కోసం మనమే కాచుకోవాలి. చాలాసార్లు అది రాదు. వచ్చిన రోజు మాత్రం, ఎవరో మనల్ని తలచుకుని పంపినట్టుంటుంది.

ఆ గుడ్ల కోసం ఎరువుల గోనెసంచులు కలిపి కుట్టి, నాలుగు వెదురు బద్దలకు కట్టి, మనిషి ముడుచుకుని కూర్చునేంత డేరా చేశాను. రోజుకు కొంచెం చొప్పున దాన్ని గూటి దగ్గరికి జరిపాను. తెల్లవారి మసక వెలుతురులోనే వెళ్లి అందులో దూరేవాణ్ని, డ్యూటీ వేళకు తిరిగి వచ్చేవాణ్ని. ఆదివారం మాత్రం వెళ్లేవాణ్ని కాదు. ఆ రోజు తెల్లవారి ఆరాధనకు చర్చికి పోవాలి. మిగిలిన రోజుల్లో నేను వెళ్లగానే పక్షులు రెండూ గాలిలోకి లేచి, నా నెత్తి మీద తిరుగుతూ చాలాసేపు అరిచేవి. తర్వాత అలిసిపోయి ఊరుకునేవి. పక్షి అన్నాక అరుస్తుందని నేను దాని గురించి ఆలోచించలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం పక్కింటి సన్యాసమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మామూలుగా ఆవిడ గోడ మీంచే మాట్లాడుతుంది.

"రాజు బాబూ, నీతో ఒక పని పడ్డాది," అంది.

"రా అక్కా, కూర్చో."

"కూకోను. కూకుంటే సెప్పలేను." కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆ తీతువు పిట్ట గుడ్లు నీకు తెలుసు గదా. రోజూ ఫొటోలు తీత్తన్నావు. అవి తీసీ బాబూ."

నాకు అర్థం కాలేదు. "తియ్యడమంటే?"

"తీసి అవతల పెట్టీడం. అది రోజూ తెల్లారగట్ల అరుత్తన్నాది. మా గౌరి లేసి కూకుంటన్నాది. మరి పడుకోదు. సేతులూ కాల్లూ సల్లబడిపోతన్నాయి."

గౌరీశ్వరి ఆమె కోడలు. కొడుకు తవిటయ్య ఓడరేవులో ఓడలను లాగే టగ్గు మీద పనిచేస్తాడు. ఆ అమ్మాయికి పెళ్లయ్యాక రెండు సార్లు కడుపు పోయింది. రెండోది పోయినేడు, ఐదో నెల దాటాక. ఇప్పుడు మళ్లీ ఆరో నెల. కదలకుండా పడుకోవాలనీ, కంటి నిండా నిద్ర పోవాలనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. అదంతా నాకు తెలుసు. ఆ మండు వేసవిలో కూడా వాళ్ల వెనక గది కిటికీ మూసే ఉంటుందని కూడా తెలుసు. ఎందుకు మూస్తున్నారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

"పోయినేడు గుడా ఇదే పిట్ట అరిసింది," అంది సన్యాసమ్మ. "నాను ఇన్నాను. అది అరిసిన నాలుగు నాల్లకే…" ఆ మాట అక్కడే వదిలేసింది.

తీతువు కూత చెడ్డదని నమ్మని ఇల్లు మా వరుసలో ఒక్కటీ లేదు. మా ఇల్లు కూడా. దీవెనమ్మ రోజూ బైబిలు చదివేది, అయినా పొద్దుగూకే వేళ తీతువు అరుస్తూ ఇంటి మీదుగా పోతే "యేసయ్యా" అని లేచి, చేతిలో పని వదిలేసి, గ్లాసుడు మంచినీళ్లు తాగి వచ్చేది. అందుకని నేను సన్యాసమ్మతో వాదించలేదు.

"తవిటయ్యతో చెప్పలేకపోయావా?" అన్నాను.

"ఆడెలాగ ముట్టుకుంటాడు! ఇంట్లో కడుపుతో మనిసి ఉంటే మొగుడు సీమని గుడా తొక్కకూడదు. ఆడు కోడిని కొయ్యడం మానేసి ఎన్నాల్లయ్యిందో. మొన్న టగ్గు మీదికి ఎగిరి పడ్డ సేపని తీసి మల్లీ నీల్లల్లో ఇడిసీనాడట. ఆల్లంతా నవ్వినారట, 'సముద్రానికి తిరిగిచ్చీసినావేటి బావా' అని. ఆడు ముట్టుకోకూడదు, నాను ముట్టుకోకూడదు. మీకా పట్టింపులు నేవు గదా బాబూ. నీ ఇంట్లో కడుపుతో మనిసీ నేదు."

చివరి మాట అన్నాక ఆవిడకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. గోడ వైపు చూసింది.

"అక్కా, గుడ్లు కదిపితే పిట్ట మళ్లీ వాటి మీద కూర్చోదు. లోపలివి చచ్చిపోతాయి."

"నాను గుడా ఒక ప్రాణం గురించే అడుగుతన్నాను బాబూ," అంది.

సోమవారం దాకా టైమివ్వమని అడిగాను. ఆవిడ ఒప్పుకుంది. మెట్టు దిగుతూ, మనసు కాస్త తేలికపడిందో ఏమో, తన మామూలు గొంతుతో అంది: "అన్ని రోజులూ అరుత్తాది గానీ, ఆదివారం మట్టుకు అరవదు. దానికి గుడా ఓడరేవు ఉజ్జోగమే అనుకుంటాను. ఆదివారం సెలవు."

నేను నవ్వాను. ఆ మాటలో ఏముందో నవ్వినప్పుడు తట్టలేదు.

శనివారం డేరాకు వెళ్లానే గానీ కెమెరా పైకెత్తలేదు. పక్షులు చాలాసేపు అరిచి ఊరుకున్నాయి. గూటి మీది పక్షి కాళ్లు మడుచుకుని, పొట్ట కింద గుడ్లను సర్దుకుని కూర్చుంది. ఏటవాలు వెలుగు దాని వీపు మీద రాగి రంగులో పరుచుకుంది. ఇంత నిక్షేపంగా కూర్చున్నదాని కింది నుంచి గుడ్లు తీయాలి. తీయకపోతే అక్కడ గదిలో ఒక పిల్ల గుండె దడతో కూర్చుని ఉంటుంది. సోమవారం నాటికి నేను ఏదో ఒకటి చెయ్యాలి. గుడ్లు తీస్తాననే అనిపించింది. మనిషి మనిషి వైపే మొగ్గుతాడు కదా.

ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. పాస్టరుగారు ప్రసంగం ముగించారు. పక్క కిటికీలోంచి ఎండ పలక నా మోకాళ్ల మీద పడింది. ఈ వేళకి రోజూ డేరాలో ఉంటాను, ఈ వెలుతురు గూటి మీద ఏ మూల పడుతుంటుందో అనుకున్నాను. ఈ రోజు ఎవరూ లేరు కాబట్టి పిట్ట నిమ్మళంగా కూర్చుని ఉంటుంది, అరవాల్సిన పని కూడా ఉండదు అనుకున్నాను.

అప్పుడు తట్టింది.

సంఘమంతా పాటకు లేచింది. నేను లేవలేదు. పక్కాయన మోచేత్తో పొడిచాడు. లేచాను గానీ పాట నోట రాలేదు. పిట్టకు ఆదివారం సెలవు ఎందుకో నాకు అర్థమైపోయింది. సెలవు దానిది కాదు, నాది. రోజూ తెల్లవారి ఆ అమ్మాయిని లేపుతున్నది నేను.

ఆరాధన అయ్యాక ఎవరితోనూ నిలబడి మాట్లాడకుండా వచ్చేశాను. తవిటయ్య ఇంటి ముందు సైకిలు తుడుచుకుంటున్నాడు. సన్యాసమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను. పిట్ట మిమ్మల్ని చూసి అరవడం లేదు, నన్ను చూసి అరుస్తోంది, నేను గుడ్ల దగ్గరికి వెళ్తున్నాను కాబట్టి అరుస్తోంది అని.

సన్యాసమ్మ చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. "నిన్ను సూసా?"

"అవునక్కా."

"నువ్వు దానికేటి సేసినావు?"

"ఏమీ చెయ్యలేదు. దానికేం తెలుసు, గుడ్లు తినడానికొచ్చానని అనుకుంటుంది."

"మరి అంత సదువుకున్నావు. ఇన్నాల్లూ తెలవనేదేటి?"

తవిటయ్య గుడ్డ భుజం మీద వేసుకుని పెద్దగా నవ్వాడు. "అమ్మా! మన ఇంటెనక అరిసే తీతువు పిట్ట కాదే, మన రాజుగారు!"

"నోర్ముయ్‌రా!" అంది గానీ ఆవిడ మూతి కూడా వంకర తిరిగింది. "అయితే మా కోడలికి నిద్దర్లేకుండా సేసింది నువ్వన్నమాట. నీకు నెల నుంచీ సేపల పులుసు పంపుతన్నాను సూడు, నాకు బుద్ధి నేదు."

"రేపట్నుంచి వెళ్లను," అన్నాను. "మీరే చూడండి."

గుమ్మం తెర వెనకనుంచి గౌరీశ్వరి గొంతు వినిపించింది. చాలా మెల్లగా అంది. "మరి పోయినేడు, మావయ్యా? పోయినేడు మీరు అటు ఎల్లనేదు గదా."

ఎవరో గుడ్ల దగ్గరికి వెళ్లి ఉంటారని చెప్పవచ్చు. కానీ నేను చూడలేదు. తెలియని సంగతి ఆ పిల్లకు ధైర్యం కోసం చెప్పబుద్ధి కాలేదు. "నాకు తెలీదమ్మా," అన్నాను.

సోమవారం పిట్ట అరవలేదు. మంగళవారం కూడా అరవలేదు. గుడ్లు తియ్యమని సన్యాసమ్మ మళ్లీ అడగలేదు. డేరాను అక్కడే వదిలేశాను, దాన్ని పీకబోతే ఇంకా పెద్ద గోల అవుతుంది. పొద్దున్నే పెరటి మెట్టు మీద కూర్చుని టీ తాగడం మళ్లీ మొదలుపెట్టాను, ఒక్కణ్నే. గౌరి నిద్రపోతోందని సన్యాసమ్మ గోడ మీంచి చెప్పేది. కిటికీ మాత్రం మూసే ఉండేది. కారణం తెలిసినంత మాత్రాన భయం పోదు. దీవెనమ్మ మంచినీళ్ల గ్లాసు నాకు తెలుసు.

ఆ వారం చివర్లో ఒక సాయంత్రం ఆఫీసునుంచి వస్తుంటే ఆ కిటికీ రెక్క బెత్తెడు తెరిచి కనిపించింది. నా అడుగుల చప్పుడు విని లోపలనుంచి గౌరీశ్వరి పిలిచింది.

"మావయ్యా, ఒక్క మాట. ఆ పిట్ట గెడ్డకెల్లి తానం సేత్తన్నాది. సేసి, ఒల్లు దులుపుకోకుండా, నీల్లు కారుతా వచ్చి గుడ్ల మీద కూకుంటన్నాది. ఎందుకలాగ?"

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. "నువ్వు చూశావా?"

"ఊఁ. మద్దేన్నం ఉక్కకి ఉండలేక తీసినాను. పొద్దు సుర్రుమన్నకాడ్నించీ అదే పని. ఒకటి వచ్చి కూకుంటే రెండోది ఎల్తాది."

అలా చేస్తాయని నేను చదివాను, కళ్లతో చూడలేదు. అంత ఎండవేళకు నేనెప్పుడూ ఆఫీసులో ఉంటాను. "కంకర కాలిపోతుంది కదమ్మా. ఆ వేడికి గుడ్లు ఉడికిపోతాయి. అందుకని పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ నీళ్లతో చల్లార్చుకుంటాయి."

ఆమె కిటికీలోంచి ఆ నేల వైపు చూసింది. "కడుపుతో నీల్లు మోత్తన్నాదా," అంది. తర్వాత, "అది ఫొటో తీసినారా?"

"లేదు. వెళ్తే అరుస్తుంది కదా."

"అరవకుండా ఎల్లడానికి ఎలాగా కుదరదేటి?"

కుదురుతుంది. నావికుల క్లబ్బులో ఎవరో వదిలేసిన పాత పత్రికలో ఆ ఉపాయం చదివాను. డేరాలోకి ఇద్దరు కలిసి వెళ్లాలి. ఒకరు లోపల ఉండిపోవాలి, ఇంకొకరు పక్షికి కనిపించేలా నడుచుకుంటూ వెళ్లిపోవాలి. పక్షికి లెక్క తెలియదు. మనిషి వచ్చాడు, మనిషి పోయాడు, అంతే. వెళ్లిన మనిషిని చూసి స్థిమితపడి గూటికి వచ్చేస్తుంది. "కాకపోతే ఇద్దరుండాలి," అన్నాను.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. సన్యాసమ్మ అంతా వింటూనే ఉంది. "రెండో మనిసి దేనికి? ఉత్తినే ఎల్లి రావడానికేనా?"

"అంతే అక్కా."

"నానొత్తాను. నువ్వు దాన్నెంత అరిపిత్తన్నావో సూడాల గదా. ఎక్కువ అరిసిందంటే నీ సంచులన్నీ పీకి పొయ్యిలో ఎట్టీగల్ను."

మర్నాడు సాయంత్రం, గౌరికి ముందే చెప్పి, నేనూ తవిటయ్యా డేరాను గూటికి పడమటి వైపుకు మార్చాం. ఇన్నాళ్లూ నా వీపు వెనక సూర్యుణ్ని పెట్టుకుని ఫొటోలు తీశాను. ఇప్పుడు నాకు ఎదురెండ కావాలి. ఎదురెండలో పక్షి రంగులన్నీ పోతాయి, ముఖం నల్లబడుతుంది, కానీ నీటి బొట్టు మాత్రం వెలుగుతుంది. తవిటయ్య నేల చూసుకుంటూ, బియ్యం మీద నడుస్తున్నట్టు అడుగులు వేశాడు. "బావా, నాను దేన్నీ తొక్కనేదు గదా?" అని నన్ను మాటిమాటికీ అడిగాడు. నన్ను రాజుగారూ అనేవాడు, ఆ సాయంత్రం ఎందుకో బావా అన్నాడు.

ఆ మర్నాడు ఒక పూట సెలవు పెట్టాను. రోహిణి కార్తె. తొమ్మిదింటికే కంకర మీద గాలి పొగలా వణుకుతోంది. సన్యాసమ్మ తలమీద తువ్వాలు వేసుకుని నాతో బయలుదేరింది. మమ్మల్ని చూడగానే పక్షులు లేచి అరవసాగాయి. వెనక్కి తిరిగి చూశాను. గౌరీశ్వరి పెరటి మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి ఉంది, చేతులు ఒడిలో బిగించుకుంది. కానీ లోపలికి వెళ్లలేదు.

"అత్తా!" అని కేకేసింది. "నిన్నే తిడతన్నాది!"

"తిట్టనీ! నీకంటే నయమే, ఇది ఎదురుగా తిడతన్నాది!" అని సన్యాసమ్మ తిరిగి కేకేసింది. మెట్టు మీద నవ్వు వినిపించింది. ఆ అమ్మాయి నవ్వు నేను వినడం అదే మొదలు.

డేరాలో ఇద్దరం దూరాం. సన్యాసమ్మ గోనె గోడల్ని, నేను కూర్చునే ఇటుకని, కెమెరా ఆనించే కర్రని చూసింది.

"ఇందులోనా రోజూ కూకుంటావు? ఒక్కడివీ?"

"అవునక్కా."

పైన కుట్టు ఊడిన చోట ఎండ నా ముఖం మీద పడుతోంది. ఆవిడ తన తలమీది తువ్వాలు తీసి ఆ సందులో కుక్కింది. బయటికి వెళ్లి, డేరా వెనక ముడి వేసి, చేతులు ఊపుకుంటూ, "ఎల్లిపోతన్నానే, సూడు, ఎల్లిపోతన్నాను!" అని పిట్టకు గట్టిగా చెబుతూ ఇంటి వైపు నడిచింది.

అరుపులు ఆగాయి. పత్రికలో రాసింది నిజమే. కాసేపటికి ఒక పక్షి రాళ్ల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చింది. దాని పొట్ట ఈకలు తడికి కుచ్చులు కట్టి ఉన్నాయి. ఒక్కో అడుగుకూ ఒక బొట్టు రాలుతోంది. వెనకనుంచి ఎండ పడి ప్రతి బొట్టూ నేలను తాకేలోపు ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది. గుడ్ల దగ్గర ఆగి, తలవంచి చూసుకుని, మెల్లగా వాటిమీదికి దిగింది. జెనిత్ కెమెరా తలుపు వేసినట్టు చప్పుడు చేస్తుంది. పక్షి తల తిప్పి చూసింది, లేవలేదు. దానికి తన పనే ఎక్కువ. మళ్లీ నొక్కాను. నా కళ్లలోకి చెమట దిగుతోంది, తుడుచుకోలేదు.

ఇంతలో అది ఒక్కసారిగా లేచిపోయింది. రెండూ కలిసి నేనెన్నడూ వినని గొంతుతో అరుస్తూ గాలిలోనుంచి కిందికి దూకసాగాయి. డేరా కన్నంలోంచి నాకు గూడు తప్ప ఏమీ కనిపించదు. వెనక ముడి విప్పబోయాను. సన్యాసమ్మ ఎలా కట్టిందో ఏమో అది రాలేదు. అప్పుడు మెట్టు మీంచి కేక వినిపించింది.

"అత్తా! కుక్క! గుడ్ల కాడికి కుక్కొచ్చింది!"

సన్యాసమ్మ పరుగెత్తిన చప్పుడు. కళ్లు మండే ఆ ఎండలో కుక్క ఆవిడకు కనిపించినట్టు లేదు. పిట్ట ఎక్కడ దూకి అరుస్తోందో ఆ అడుగుల చప్పుడు అటే పోతోంది. "అరువే తల్లీ, అరువు! ఇంకా గట్టిగా అరువు! ఏడుందో సెప్పు దాన్ని, నడ్డి ఇరగ్గొడతాను!"

నేను ముడి తెంపుకుని బయటపడేసరికి ఎర్రకుక్క ఒకటి గెడ్డ వైపు పారిపోతోంది. సన్యాసమ్మ చేతిలో చీపురు, కొప్పు ఊడి వీపు మీద పడి ఉంది. గుడ్లు నాలుగూ క్షేమంగా ఉన్నాయి. పక్షులు ఇప్పుడు మా ఇద్దర్నీ తిడుతున్నాయి. మేం తల వంచుకుని ఇంటి దారి పట్టాం.

గౌరీశ్వరి మెట్టు మీద లేచి నిలబడి ఉంది. "కూకోయే, కూకో," అని సన్యాసమ్మ రొప్పుతూనే గదిమింది. ఆమె కూర్చుంది. నవ్వుతూనే ఉంది, నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"అత్తా, పోయినేడు లారీలొచ్చినాయి," అంది.

"ఏ లారీలే?"

"కంకర పోసిన లారీలు. తెల్లారగట్ల నుంచీ పోసినారు. నాకు నొప్పులొచ్చిన ముందు నాల్లు. అప్పుడే గదా అది అరిసింది." ఖాళీ నేల వైపు చూసింది. "దాని గుడ్లు అక్కడ ఉన్నాయేమో అత్తా. వాటి మీద పోసీనారేమో. అది నా కోసం అరవనేదు. దాని పిల్లల కోసం ఏడిసింది."

చీపురు కింద పెట్టి సన్యాసమ్మ ఆమె పక్కన మెట్టు మీద కూలబడింది. కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. ముందు ఏడ్చింది సన్యాసమ్మే. పోయిన బిడ్డ గురించి ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ పైకి ఏడవలేదని నాకు అప్పుడు తెలిసింది. నేను మా పెరట్లోకి వచ్చేసి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

ఆ రీలులో ఒక్క ఫొటో బాగా వచ్చింది. పక్షి కాస్త మసక, బొట్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. గౌరీశ్వరి అది అడిగి తీసుకుంది. సన్యాసమ్మ దాన్ని గోడకు పెట్టనివ్వలేదు. "పిట్ట మంచిదే, నాను కాదన్ను. తీతువు తీతువే గదా. మీ అమ్మోరింటికి పట్టుకుపో, ఆల్ల గోడకి ఎట్టుకో," అంది. ఏడో నెలలో పుట్టింటికి పెందుర్తి వెళ్తూ ఆ పిల్ల దాన్ని పెట్టెలో చీరల మధ్య పెట్టుకుంది. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. పక్షి వల్ల పుట్టిందని నేను అనను. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంటే పుట్టిందని సన్యాసమ్మ అంది, బాగా నిద్రపోయింది కాబట్టి అని డాక్టరమ్మ అంది. నాకు ఎవరి మాటయినా సమ్మతమే.

అంతకు ముందే, జూన్ మొదట్లో, గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. పగటిపూట వచ్చాయి, నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం నేను వచ్చేసరికి గౌరీశ్వరి మెట్టు మీద నా కోసమే కాచుకుని ఉంది.

"మావయ్యా, అయిపోయింది! తడారగానే నడిసీసినాయి! కల్లు తెరవడం గుడా అక్కర్నేదు, తెరిసే పుట్టినాయి. కాల్లు ఇంత, ఒల్లు ఇంత. తల్లి ముందెల్తంటే ఎనకాల ఒకదాని మీద ఒకటి పడతా…"

"పొద్దున్నుంచీ ఇదే కబుర్లు," అంది లోపల్నుంచి సన్యాసమ్మ. "గంజి సల్లారిపోనాది. నువ్వయినా సెప్పు బాబూ, తాగమని."

"ఎటు వెళ్లాయి?" అన్నాను.

"ఉండండి, మొదట్నుంచీ సెప్తాను," అంది గౌరీశ్వరి.

కెమెరా లోపల బల్ల మీద ఉంది. గెడ్డ ఒడ్డున ఇంకా మంచి వెలుతురు ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను.